స్వేచ్ఛా కుంచె చిత్రణ: తెలుగు చిత్రకళలో కాలసూచన, కళా ప్రభావం

నిర్వచనం, పరిధి

రూపాల అంచులను గీతతో పూర్తిగా మూసివేయకుండా, కుంచె తాకిడిని, రంగు పారిన తీరును, తడి ఆరిన జాడను చిత్రతలం మీద కనబడనిచ్చే చిత్రలేఖన పద్ధతుల సముదాయాన్ని స్వేచ్ఛా కుంచె చిత్రణ అంటారు. చిత్రకారుల వాడుకలో ఇది ‘లూజ్‌గా వేయడం’. అంచులు, నునుపు, వివరం అన్నీ తీర్చిదిద్దిన పనిని ‘టైట్‌గా వేయడం’ అంటారు. చాలా చిత్రాలు ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఒకచోట నిలుస్తాయి. ముఖాన్ని తీర్చిదిద్ది, వస్త్రాన్ని నాలుగు కుంచె వేటులతో వదిలేసిన చిత్రాలు చాలా దేశాల్లో ఉన్నాయి.

ఈ వ్యాసం స్వేచ్ఛా కుంచెకున్న రెండు లక్షణాలను పరిశీలిస్తుంది. మొదటిది కాలసూచన: చిత్రించిన వేళ, చిత్రించడానికి పట్టిన వ్యవధి, వస్తువు శిథిలమైన తీరు కుంచె జాడలో ఎలా నమోదవుతాయి. రెండవది ప్రభావం: ఒక గురువు, ఒక పాఠశాల, ఒక దేశం నుంచి మరొక చోటికి వచ్చిన అలవాటు అదే జాడలో ఎలా బయటపడుతుంది. ఉదాహరణలు ముఖ్యంగా తెలుగు ప్రాంతాలవి. స్థల అధ్యయనానికి విశాఖపట్నంలోని సీతమ్మధారను తీసుకున్నాం.

పూర్వరంగం: రేఖాప్రధాన సంప్రదాయం

తెలుగు నేల మీద పాత చిత్రకళ ప్రధానంగా రేఖ మీద ఆధారపడింది. 16వ శతాబ్దపు లేపాక్షి వీరభద్రాలయం కప్పు చిత్రాల్లో ముదురు గీత రూపాన్ని చుట్టి కడుతుంది. రంగు ఆ గీత లోపల సమంగా నిండుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో వెదురు కలంతో గీసిన గీతే చిత్రానికి ఎముక. శ్రీకాకుళం ప్రాంతపు సవరల గోడ చిత్రాలు కూడా ఎర్రమట్టి పూత మీద తెల్లటి గీతలతో నడుస్తాయి. ఈ సంప్రదాయాల్లో చేయి తడబడకపోవడం ఒక గుణం. పని ఎంతసేపు సాగిందో, ఎక్కడ ఆగిందో చూపరికి తెలియనక్కర్లేదు.

ఆ సంప్రదాయాల్లో కాలాన్ని తెలిపేవి గుర్తులు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం వేళలను, ఋతువులను ఎలా చూపాలో చెబుతుంది. ఉషఃకాలానికి వెలవెలబోతున్న దీపాలు, కూసే కోళ్లు. వసంతానికి పూసిన చెట్లు, కోకిలలు, తుమ్మెదలు. దక్కను రాగమాలా చిత్రాల్లోనూ రాగానికి చెందిన వేళ మబ్బు, దీపం, పక్షి, నాయిక భంగిమ ద్వారా తెలుస్తుంది. ఈ పద్ధతిలో వేళను చూపరి చదువుకుంటాడు. స్వేచ్ఛా కుంచెలో వేళ రంగులోను, అంచులోను, తడిలోను ఉంటుంది. చిత్రసూత్రం వర్తన పేరిట పత్రజ, ఐరిక, బిందుజ అని మూడు రకాల ఛాయా విధానాలను చెబుతుంది. సన్న గీతలతోను, చుక్కలతోను ఛాయ కట్టడం అప్పటికే తెలుసుననడానికి ఇది ఆధారం. అయితే అవి రేఖకు లోబడినవి.

చరిత్ర

ప్రపంచ నేపథ్యం

తూర్పు ఆసియాలో సిరాను చల్లి, పారించి కొండలను, పొగమంచును సూచించే పద్ధతి చాలా పాతది. జపాన్ చిత్రకారుడు సెష్షూ 1495లో వేసిన చిమ్ముసిరా ప్రకృతి చిత్రం దీనికి ప్రసిద్ధ నిదర్శనం. ఐరోపాలో 16వ శతాబ్దపు టిషియన్ చివరి చిత్రాల్లో, 17వ శతాబ్దంలో వెలాస్కెజ్, ఫ్రాన్స్ హాల్స్, రెంబ్రాంట్ పనిలో కుంచె జాడ బాహాటమైంది. దగ్గర నుంచి మచ్చలుగా కనిపించేవి దూరం జరిగితే వస్త్రంగా, వెలుగుగా కూడుకుంటాయి.

19వ శతాబ్దంలో ఈ పద్ధతి కాలంతో నేరుగా ముడిపడింది. జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822లలో మబ్బులను ఆరుబయట తైలవర్ణాలతో త్వరత్వరగా చిత్రించి, అనేక పటాల వెనుక తేదీ, గంట, గాలి దిశ రాసుకున్నాడు. టర్నర్ 1844లో ప్రదర్శించిన ‘రెయిన్, స్టీమ్ అండ్ స్పీడ్’ వానను, ఆవిరిని, రైలు వేగాన్ని కరిగిన అంచులతో చూపింది. 1841లో జాన్ రాండ్ పేటెంటు పొందిన లోహపు రంగు గొట్టం వల్ల తైలవర్ణాలను పొలాలకు, రేవులకు తీసుకుపోవడం సులువైంది. క్లోడ్ మోనే 1872 తేదీ వేసిన ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ 1874లో ప్రదర్శితమై ఒక ఉద్యమానికి పేరిచ్చింది. అది ఒక ఓడరేవు ఉదయపు దృశ్యం. 1892 నుంచి 1894 వరకు ఆయన రువాన్ చర్చి ముఖద్వారాన్ని వేర్వేరు వేళల్లో సుమారు 30 చిత్రాలుగా వేశాడు. అక్కడ మారేది వెలుగు. రాతి కట్టడం కదలదు.

రాజమహేంద్రవరం మార్గం

తెలుగునాట ఆధునిక నీటిరంగుల చిత్రణకు తొలి కేంద్రం రాజమహేంద్రవరం. అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు 1909 నుంచి 1919 వరకు ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. ఆరుబయట కూర్చుని, కాగితపు తెలుపును వెలుగుగా వదిలి, పలుచని పూతలతో దృశ్యాన్ని పట్టే ఆంగ్ల అలవాటును ఆయన విద్యార్థులకు చూపించాడు. అదే సమయంలో వారి దృష్టిని అజంతా వైపు కూడా మళ్లించాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన ప్రోత్సాహంలో ఎదిగినవారే.

దామెర్ల రామారావు (1897–1925) కూల్డ్రే సాయంతో బొంబాయి జె.జె. కళాశాలలో చదివి రాజమహేంద్రవరానికి తిరిగి వచ్చారు. ఆయన మానవాకృతుల చిత్రాల్లో అజంతా నుంచి వచ్చిన వంపు తిరిగిన గీత, మృదువైన రంగు ప్రధానం. గోదావరి కొండల దృశ్యాల్లో ఆంగ్ల నీటిరంగుల తేలిక పూత కనిపిస్తుంది. ఒకే చేతిలో రెండు వారసత్వాలు వస్తువును బట్టి పంచుకున్న తీరు ఇది. మశూచి సోకి 28 ఏళ్లు నిండకముందే ఆయన మరణించారు. సహచరుడు వరదా వెంకటరత్నం ఆ శిక్షణను కొనసాగించారు. రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు స్మారక చిత్రశాలలో ఆయన చిత్రాలు భద్రంగా ఉన్నాయి.

మచిలీపట్నం మార్గం

రెండో మార్గం కలకత్తా నుంచి వచ్చింది. జపాన్ చిత్రకారులు యొకోయామా తైకాన్, హిషిదా షున్సో 1903లో కలకత్తాకు వచ్చినప్పుడు, తడిసిన కుంచెతో అంచులను కరిగించే వారి విధానాన్ని అవనీంద్రనాథ్ ఠాగూర్ గమనించారు. దానికి ఆంగ్ల నీటిరంగులను, మొఘల్ సూక్ష్మచిత్రాల గీతను జోడించి ‘వాష్’ పద్ధతిని రూపొందించారు. 1905 నాటి ‘భారతమాత’ దీనికి పేరుపొందిన ఉదాహరణ. ఈ పద్ధతిలో గీత, మొదటి రంగు వేసి ఆరనిస్తారు. తరువాత కాగితాన్ని నీటిలో ముంచి, అదనపు రంగును వదలనిచ్చి, మళ్లీ పూత వేస్తారు. ఇలా అనేకసార్లు చేస్తే చిత్రమంతా ఒకే పలుచని పొగ కమ్మినట్లు తయారవుతుంది.

మచిలీపట్నం ఆంధ్ర జాతీయ కళాశాలలో 1920లలో చిత్రకళ బోధించిన ప్రమోద్ కుమార్ చటర్జీ ద్వారా ఈ వాష్ తెలుగు విద్యార్థులకు చేరింది. రాజమహేంద్రవరంలో కూల్డ్రే శిష్యుడైన అడివి బాపిరాజు (1895–1952) ఇక్కడ చటర్జీ వద్ద కూడా నేర్చుకున్నారు. తరువాత అదే కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. నవలాకారుడిగా ఎక్కువ ప్రసిద్ధుడైన ఆయన చిత్రకళా శిక్షణలో రెండు మార్గాలూ కలిశాయి.

మద్రాసు మార్గం, ఉత్తరాంధ్ర

మూడో మార్గం మద్రాసు కళాశాల. 1929లో దానికి అధిపతి అయిన దేవీప్రసాద్ రాయ్ చౌదరి అవనీంద్రనాథ్ శిష్యుడు. పాశ్చాత్య శిల్ప, తైలవర్ణ విధానాల్లోనూ ఆరితేరినవాడు. 1957 వరకు సాగిన ఆయన హయాంలో విద్యార్థులు వాష్‌తో పాటు, బయటి వెలుగులో నేరుగా నీటిరంగులు వేయడం సాధన చేశారు. అంట్యాకుల పైడిరాజు అక్కడ చదివి విజయనగరం చేరి చిత్రకళా శిక్షణాలయం నడిపారు; తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయ లలితకళల విభాగంలోనూ బోధించారు. జానపద స్త్రీ రూపాలకు, గట్టి గీతకు ఆయన పేరుపొందారు. ఆయన బోధన వల్ల మద్రాసు సాధన విజయనగరం, విశాఖపట్నం చిత్రకారుల మధ్య స్థిరపడింది.

ఇదే ప్రాంతంలో వడ్డాది పాపయ్య (1921–1992) వేరే దారిలో నడిచారు. శ్రీకాకుళంలో పుట్టి, అనకాపల్లి దగ్గర కశింకోటలో స్థిరపడిన ఆయన ‘చందమామ’, ‘యువ’ పత్రికలకు ముఖచిత్రాలు వేశారు. ముఖాలు, ఆభరణాలు తీర్చిదిద్ది ఉన్నా, వాటి వెనుక ఆకాశం, చెట్లు, సంజె వెలుగు పలుచని రంగు పూతల్లో కరిగిపోతాయి. స్వేచ్ఛా కుంచె ఇంటింటికీ చేరిన రూపాల్లో ఇదొకటి.

స్వాతంత్ర్యానంతరం

గుడివాడ ప్రాంతంలో 1936లో పుట్టిన ఎస్.వి. రామారావు మద్రాసులో కె.సి.ఎస్. పణిక్కర్ వద్ద, తరువాత లండన్ స్లేడ్ పాఠశాలలో చదివి అమెరికాలోని చికాగోలో స్థిరపడ్డారు. ఆయన నైరూప్య చిత్రాల్లో వస్తువు తొలగిపోయి, రంగు పొరల కదలికే చిత్రమైంది. 2001లో ఆయనకు పద్మశ్రీ లభించింది. మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ (1940–2019) హైదరాబాదు కేంద్రంగా పనిచేశారు. తుప్పు పట్టిన వాహన శకలాలతో మొదలై రాలిన ఆకులు, నీటిలో ప్రతిబింబాల దాకా ఆయన వస్తువులు సాగాయి. ఆ నీటి చిత్రాలను మోనే తామర కొలనులతో పోల్చడం పరిపాటి.

విశాఖపట్నంలో వి. రమేశ్ (జననం 1958) బరోడాలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బోధించారు. రమణ మహర్షి, అక్క మహాదేవి వంటి వారి చుట్టూ ఆయన వేసిన పెద్ద చిత్రాల్లో పారదర్శకమైన రంగు పొరలు, అక్షరాలు, సగం మసకబారిన ఆకృతులు జ్ఞాపకం పనిచేసే తీరును చూపుతాయి. గుంటూరు జిల్లా తుమ్మపూడికి చెందిన కళావిమర్శకుడు సంజీవదేవ్ (1914–1999) ప్రకృతి చిత్రాలు వేస్తూ, ప్రాచ్య పాశ్చాత్య చిత్రకళలను తెలుగు పాఠకులకు వివరించారు. చూసే అలవాటును పెంచడంలో ఆయన వ్యాసాలది ముఖ్యపాత్ర.

రకాలు, పద్ధతులు

తడి మీద తడి: కాగితాన్ని ముందే తడిపి, ఆ తడి మీద రంగు వేస్తారు. అంచులు వాటంతట అవే విచ్చుకుంటాయి. పొగమంచు, వానమబ్బు, దూరపు కొండలకు ఇది తగినది. తడి ఏ స్థాయిలో ఉన్నప్పుడు రంగు తాకించాలో గ్రహించడమే ఇందులోని నైపుణ్యం.

సమపూత, దిగుపూత: పలచని రంగును ఒకే మోతాదులో పరిస్తే సమపూత. ముదురు నుంచి లేతకు దింపుతూ పోతే దిగుపూత. ఆకాశానికి, సముద్రానికి ఇవి పునాది.

వాష్: పూత, ముంచడం, ఆరబెట్టడం పదేపదే జరిగే బెంగాల్ పద్ధతి (చూడండి: మచిలీపట్నం మార్గం).

పొడి కుంచె: తడి తక్కువగా ఉన్న కుంచెను గరుకు కాగితం మీద వేగంగా లాగితే రంగు ఎత్తుల మీదే అంటి, పల్లాలు తెల్లగా మిగులుతాయి. అలల మీది మెరుపు, వెలిసిన గోడ, ఎండుగడ్డి ఇలా వస్తాయి.

ఒకే కూర్చుడు చిత్రణ: మొదటి పొర ఆరకముందే తైలవర్ణ చిత్రాన్ని ముగించడం. వ్యక్తిచిత్రాలకు, వేళ మారకముందే పట్టాల్సిన దృశ్యాలకు వాడతారు.

మందపూత: రంగును కుంచెతో గాని కత్తితో గాని ఎత్తుగా పెట్టడం. చేతి బలం, వేగం, దిశ గట్టుగా మిగులుతాయి.

విడి రంగులు: రంగులను పలకపై పూర్తిగా కలపకుండా పక్కపక్కన చిన్న తాకిళ్లుగా ఉంచడం. దూరం నుంచి చూసినప్పుడు కన్ను వాటిని కలుపుకుంటుంది.

పోగొట్టిన అంచు: ఒక రూపపు అంచును కొంతమేర స్పష్టంగా ఉంచి, కొంతమేర నేపథ్యంలో కలిపేయడం. పైన చెప్పిన దాదాపు అన్ని పద్ధతుల్లోనూ ఇది భాగం.

పనితీరు: పదార్థాలు, తడి, వేగం

నీటిరంగులో వర్ణకపు రేణువులను తుమ్మజిగురు జాతి బంక కాగితానికి పట్టి ఉంచుతుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు పూత అంచు ముందుగా ఆరుతుంది. లోపలి నీరు అంచు వైపు పారి రేణువులను అక్కడికి చేరుస్తుంది. అందుకే ఆరిన పూత చుట్టూ సన్నని ముదురు గీత ఏర్పడుతుంది. సగం ఆరిన పూతలోకి కొత్త నీరు చేరితే రేణువులు వెనక్కి తోసుకుపోయి ముడతల అంచున్న మరక పడుతుంది. అల్ట్రామరీన్ వంటి వర్ణకాల రేణువులు కాగితపు గుంటల్లో దిగి ఇసుక గరుకును తలపిస్తాయి. చిత్రకారుడు వీటిని లోపాలుగా తుడిచేయవచ్చు, లేదా రాతికి, ఇసుకకు, మబ్బుకు వాడుకోవచ్చు.

తైలవర్ణం ఆవిరి వల్ల కాకుండా, అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలవడం వల్ల గట్టిపడుతుంది. పలుచని పొర తాకితే అంటకుండా ఉండటానికి రోజులు పడుతుంది. మందపు పొర లోపలి దాకా గట్టిపడటానికి నెలలు, ఇంకా ఎక్కువ కాలం కావచ్చు. కాబట్టి మార్చుకోవడానికి, గీకడానికి, తడిలోనే రంగు కలపడానికి వ్యవధి దొరుకుతుంది. ఆక్రిలిక్ రంగు నిమిషాల్లో ఆరుతుంది. అందులో స్వేచ్ఛ పొరల మీద పొరలుగా సాగుతుంది.

కుంచె, కాగితం కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ఉడుత వెంట్రుకల మెత్తటి కుంచె ఎక్కువ నీరు పట్టి పొడవైన పూతకు సాయపడుతుంది. పంది వెంట్రుకల బిరుసు కుంచె తైలవర్ణంలో గీతలు మిగులుస్తుంది. పత్తి పీచుతో చేసిన మందపాటి కాగితం తడిని ఎక్కువసేపు నిలుపుతుంది. కలపగుజ్జు కాగితం త్వరగా ఉబ్బి వంకర తిరుగుతుంది.

కాలసూచన విధానాలు

స్వేచ్ఛా కుంచె చిత్రంలో కాలం కనీసం ఐదు స్థాయిల్లో కనిపిస్తుంది.

వేళ. నీడ పొడవు, వెలుగు వెచ్చదనం, అంచుల మెత్తదనం ఒక గంటను తెలుపుతాయి. ఆరుబయట పనిచేసేటప్పుడు ఒకే తీరు వెలుగు ఎక్కువసేపు ఉండదు. ఉదయ, సాయంకాలాల్లో అది నిమిషాల్లోనే మారుతుంది. ఆ తొందర కుంచె వేటుల సంఖ్యను తగ్గిస్తుంది.

చేతి వ్యవధి. గీత ఎక్కడ మొదలై ఎక్కడ వేగం అందుకుందో, రంగు ఎక్కడ అయిపోయిందో జాడలో తెలుస్తుంది. పొడి కుంచె గీత తోక చిరిగిపోవడం వేగానికి గుర్తు. అంచున రంగు గుంట కట్టడం ఆగుదలకు గుర్తు.

ప్రక్రియ క్రమం. ఏ పూత ముందు, ఏది తరువాత, వాటి మధ్య ఆరనిచ్చారా లేదా అన్నది పొరల కలయిక చెబుతుంది. మెత్తని కలయిక ఉంటే తడిలోనే వేశారు. గట్టి అంచు ఉంటే ఆరాక వేశారు. వాష్ చిత్రంలో ఈ క్రమం చాలా పొడవైనది. చూడటానికి తేలికగా ఉన్నా, అది తీరిక పని.

వస్తువు వయసు. తుప్పు, పాచి, వెలిసిన సున్నం, ఎండిన ఆకు వంటివి సహజంగానే క్రమం లేని అంచులతో, మరకలతో ఉంటాయి. రంగు పారి, ఎండి, పొరలుగా విడిపోవడం ఆ మార్పులను పోలి ఉంటుంది. సూర్యప్రకాశ్ తుప్పు వాహనాలు, రాలిన ఆకులు ఈ స్థాయికి తెలుగు ఉదాహరణలు.

జ్ఞాపకం, గతం. అంచులు మసకబారితే దూరం తోస్తుంది. ఆ దూరం స్థలంలోనిదే కానక్కర్లేదు. పౌరాణిక, చారిత్రక సన్నివేశాలకు బెంగాల్ వాష్ చిత్రకారులు పొగమంచు వంటి పూతను వాడటానికి కారణం ఇదే. వి. రమేశ్ చిత్రాల్లోని మసక పొరలు కూడా ఈ స్థాయిలోనివే.

ప్రభావాన్ని గుర్తించడం

కుంచె అలవాటు సంతకం వంటిది. అందువల్ల అది గురుశిష్య సంబంధాలకు సాక్ష్యం కాగలదు. కాగితపు తెలుపును వెలుగుగా వదిలిన చోట ఆంగ్ల నీటిరంగుల శిక్షణను అనుమానించవచ్చు. చిత్రమంతా ఒకే బూడిద పొరలో తేలుతూ, లోపల సన్నని గీత మిగిలి ఉంటే బెంగాల్ వాష్ గుర్తుకు రావాలి. విడి రంగుల తాకిళ్లు, నీడల్లో నీలం, ఊదా ఉంటే ఫ్రెంచి ప్రభావం వైపు చూడాలి.

అయితే పోలిక ఒక్కటే రుజువు కాదు. తడి కాగితం ఎవరి చేతిలోనైనా ఒకేలా ప్రవర్తిస్తుంది కాబట్టి, పరస్పరం తెలియని ఇద్దరు చిత్రకారులు ఒకే ఫలితానికి చేరవచ్చు. ప్రభావాన్ని నిర్ధారించడానికి మూడు రకాల బయటి ఆధారాలు అవసరం: ఎవరి దగ్గర చదివారు, ఏ ప్రదర్శనలు చూశారు, ఏ ముద్రణలు అందుబాటులో ఉన్నాయి. మూడోది తెలుగునాట చాలా ముఖ్యం. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో స్థాపించిన ‘భారతి’ వంటి పత్రికలు రంగుల చిత్రపటాలను ముద్రించి, మూల చిత్రాలను చూడలేని పాఠకులకు చేర్చాయి. కానీ నాటి మూడు రంగుల అచ్చులో సన్నని పూత తేడాలు, కాగితపు గరుకు పోతాయి. ముద్రణ చూసి నేర్చుకున్నవారికి వాష్ రంగుల మసకగా చేరింది. దాని వెనుక ఉన్న ముంచి ఆరబెట్టే శ్రమ గురువు దగ్గర మాత్రమే తెలిసేది.

ప్రభావం అనుకరణతో సమానం కాదు. దామెర్ల రామారావు కూల్డ్రే పూతను గోదావరి కొండలకు తెచ్చినప్పుడు ఇంగ్లండు వెలుగు దానితో రాలేదు. మధ్యాహ్నపు ఎండ, వరద నీటి ఎర్రదనం కొత్త రంగు మోతాదులను కోరాయి. పద్ధతి వలస వచ్చినప్పుడు స్థలం దాన్ని మార్చుతుంది.

స్థల అధ్యయనం: సీతమ్మధార, విశాఖపట్నం

సీతమ్మధార విశాఖపట్నంలో జాతీయ రహదారిని ఆనుకుని ఉన్న నివాస ప్రాంతం. గురుద్వారా కూడలి, రైతుబజారు ఇక్కడి రద్దీ స్థలాలు. ఉత్తరాన సింహాచలం వైపు సాగే కొండల వరుస, నగరానికి దక్షిణాన యారాడ కొండ, డాల్ఫిన్స్ నోస్, వాటి మధ్య 1933లో ప్రారంభమైన ఓడరేవు ఉన్నాయి. తూర్పున బంగాళాఖాతం. కొండ, సముద్రం, పరిశ్రమ ఇంత దగ్గరగా ఉండటం వల్ల గాలిలో తేమ, ఉప్పు, ధూళి వెలుగును చెదరగొడతాయి. దూరపు కొండ అంచు చాలా రోజుల్లో గీతగా కనిపించదు. మెత్తని మరకగా కనిపిస్తుంది. అంచును పోగొట్టే పద్ధతి ఇక్కడ చూపుకు దగ్గరైనది.

తీరపు తేమ పని విధానాన్ని కూడా మారుస్తుంది. వానాకాలంలో కాగితం మీద తడి నెమ్మదిగా ఆరుతుంది. తడి మీద తడి పద్ధతికి వ్యవధి పెరుగుతుంది. కానీ పొరల మధ్య ఆరబెట్టడం ఆలస్యమవుతుంది. మే నెల ఎండలో, గాలి వీచే మేడ మీద పూత చూస్తుండగానే ఆరిపోతుంది. అప్పుడు పెద్ద కుంచె, ఎక్కువ నీరు, తక్కువ వేటులు కావాలి. తేమ ఎక్కువగా ఉన్నచోట వాష్ చిత్రానికి ముంచి ఆరబెట్టే ప్రతి విడతా సుదీర్ఘమవుతుంది.

సీతమ్మధార మేడ మీద నుంచి కొండల దృశ్యాన్ని మూడు మార్గాల్లో ఎలా చిత్రించవచ్చో పోలిస్తే పద్ధతుల తేడా స్పష్టమవుతుంది. ఆంగ్ల నీటిరంగుల మార్గంలో ఆకాశానికి దిగుపూత వేసి, అది తడిగా ఉండగానే కొండ పై అంచును తాకించి, ఇళ్ల మేడలకు కాగితపు తెలుపును వదులుతారు. పని ఒక పూటలో ముగుస్తుంది. చిత్రంలో ఆ పూట ఉంటుంది. వాష్ మార్గంలో కొండ, ఇళ్లు, చెట్లు సన్న గీతతో మొదలై పలు ముంపుల తరువాత ఒకే ఛాయలోకి చేరతాయి. అప్పుడు వేళ తెలియదు. ఋతువు, మనఃస్థితి తెలుస్తాయి. తైలవర్ణాల మందపూత మార్గంలో కొత్త అపార్టుమెంట్ల గోడలు కత్తి అంచుతో గట్టిగా నిలుస్తాయి. కొండ వాటి వెనుక పలుచగా మిగులుతుంది. నగరం పెరిగిన తీరు పూతల మందంలోనే నమోదవుతుంది.

రైతుబజారు వంటి రద్దీ స్థలం మరో రకం పరీక్ష. అక్కడ మనుషులు నిలబడరు. భుజం వంపు, బుట్ట బరువు, గొడుగు రంగు వంటి రెండు మూడు గుర్తులతో ఆకృతిని ముగించాలి. మనిషి కదిలాక వివరం కోసం ఊహించడం కంటే అంచును విడిచిపెట్టడమే నమ్మకమైన పద్ధతి.

దృశ్యం మారిపోయినప్పుడు ఇటువంటి చిత్రాలకు చారిత్రక ఆధారంగా విలువ వస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకి, నగరంలోను, కొండల మీదను పెద్ద ఎత్తున చెట్లను కూల్చింది. తుపానుకు ముందు పచ్చదనం ఏ సాంద్రతలో ఉండేదో, ఏ వేళకు కొండ ఏ రంగులో కనిపించేదో తెలిపే ఆధారాల్లో ఆరుబయట వేసిన తేదీ గల నీటిరంగుల చిత్రాలు ఒకటి. ఛాయాచిత్రం వివరాన్ని ఎక్కువ పట్టుకుంటుంది. చిత్రం కంటికి ఏది ముందు కనిపించిందో చెబుతుంది.

విమర్శ, వివాదాలు

స్వేచ్ఛా కుంచె మీద పాత విమర్శ అసంపూర్ణత. 1870లలో ఇంప్రెషనిస్టులను ఇలాగే తప్పుపట్టారు. చిత్రకారుడు జేమ్స్ విస్లర్ వేసిన రాత్రి దృశ్యాన్ని కళావిమర్శకుడు జాన్ రస్కిన్ తీవ్రంగా నిందించగా విస్లర్ పరువునష్టం దావా వేశాడు. 1878లో కోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చి, పరిహారంగా ఒక్క ఫార్దింగ్ మాత్రమే ఇప్పించింది. కొద్ది సేపట్లో వేసిన పనికి విలువ ఎంత అన్న ప్రశ్నకు, దాని వెనుక ఉన్న జీవితకాలపు సాధనను లెక్కించాలన్నది విస్లర్ వాదన.

బెంగాల్ వాష్ మీద విమర్శ వేరే కోణంలో వచ్చింది. మసక పూత అలవాటుగా మారి, రూపం బలహీనపడిందని, విచారపు ఛాయ అన్ని వస్తువులనూ ఒకేలా కప్పిందని తరువాతి తరాల చిత్రకారులు అన్నారు. వాష్‌ను సమర్థించినవారు అది వలసపాలన కాలంలో విద్యాలయ నకలు చిత్రణకు ప్రత్యామ్నాయం చూపిందని, ఆసియా సంప్రదాయాలతో సంబంధం నిలిపిందని గుర్తుచేశారు. రెండు వాదనలకూ ఆధారాలున్నాయి. పద్ధతి వస్తువుకు తగినదా కాదా అన్నది ఒక్కొక్క చిత్రంలో విడిగా చూడవలసినది.

బోధనలోనూ ఒక భేదాభిప్రాయం ఉంది. మొదట ఖచ్చితమైన రేఖాచిత్రణ, ఛాయ నేర్చుకున్నాకే కుంచెను వదలాలని ఒక వర్గం. మొదటి నుంచే పెద్ద కుంచెతో రంగు ముద్దలుగా చూడటం నేర్పాలని మరో వర్గం. రెండింటిలోనూ అంగీకారమున్న విషయం ఒకటుంది: ఏది వదిలేయాలో తెలియాలంటే ఏది ఉందో ముందు చూడగలగాలి.

పరిరక్షణ

పలుచని పూతల్లో వర్ణకం తక్కువ కాబట్టి వెలుగుకు వెలిసిపోవడం త్వరగా కనిపిస్తుంది. అలిజరిన్ క్రిమ్సన్ వంటి వర్ణకాలు ముందుగా పోతాయి. మట్టి వర్ణకాలు నిలుస్తాయి. అందుకే పాత నీటిరంగుల చిత్రాల్లో ఎరుపు, ఊదా ఛాయలు తగ్గి గోధుమ, నీలం మిగిలినట్లు కనబడవచ్చు. అది చిత్రకారుడు కోరిన వేళ అనుకుంటే పొరపాటు. కాలసూచనను అంచనా వేసేటప్పుడు ఈ మార్పును తప్పక పరిగణించాలి.

కాగితం మీది చిత్రాలను మ్యూజియంలు సాధారణంగా 50 లక్స్‌కు మించని వెలుగులో, పరిమిత కాలమే ప్రదర్శిస్తాయి. విశాఖ వంటి తీర నగరాల్లో అసలు ప్రమాదం తేమ: బూజు, గోధుమరంగు మచ్చలు, కాగితం అలలు తిరగడం. ఆమ్లం లేని అట్ట, అద్దానికి చిత్రానికి మధ్య ఖాళీ, బయటి గోడకు దూరంగా వేలాడదీయడం, గాలి ఆడే గది ప్రాథమిక జాగ్రత్తలు. చిత్రం వెనుక చిత్రకారుడు రాసిన తేదీ, స్థలం, వేళను కొత్త పటం కట్టేటప్పుడు కత్తిరించకూడదు. కుంచె జాడను చదవడానికి అదే గట్టి ఆధారం.

ప్రాముఖ్యం

తెలుగు చిత్రకళలో స్వేచ్ఛా కుంచె రేఖాప్రధాన సంప్రదాయం తరువాత వచ్చి, దాన్ని తొలగించకుండా పక్కన నిలిచింది. రాజమహేంద్రవరం, మచిలీపట్నం, మద్రాసు మార్గాలు వేర్వేరు దేశాల నుంచి పద్ధతులను తెచ్చాయి. విజయనగరం, విశాఖపట్నం, హైదరాబాదు చిత్రకారులు వాటిని తమ వెలుగుకు, తమ వస్తువుకు సరిచేసుకున్నారు. ఆ సర్దుబాటు వివరాలు పూత అంచుల్లో, ఆరిన మరకల్లో, వదిలేసిన తెలుపులో ఉన్నాయి.

ఈ కారణంగా మూల చిత్రాలను నేరుగా చూడటం కళాచరిత్రకు అనివార్యం. ముద్రణలో వస్తువు, కూర్పు తెలుస్తాయి. పొరల క్రమం, చేతి వేగం, నేర్పిన చేయి తెలియవు. రాజమహేంద్రవరం చిత్రశాలలో దామెర్ల ప్రకృతి దృశ్యం ముందు నిలబడి, ఆ తరువాత ఉత్తరాంధ్ర చిత్రకారుల నీటిరంగులను పరిశీలించిన విద్యార్థికి, ఏ పద్ధతి ఎవరి ద్వారా వచ్చి ఎక్కడ మారిందో వరుసగా అర్థమవుతుంది. తేదీ, స్థలం, గురుపరంపర వివరాలతో ఇటువంటి చిత్రాలను జాబితా చేయడం, ఇళ్లలోను కళాశాలల్లోను ఉన్నవాటిని తేమ నుంచి కాపాడటం తెలుగు కళాచరిత్ర రచనకు అత్యవసరమైన పనులు.